రెండో సగంలో నేనెక్కడ?

మా అమ్మకి అరబ్బీ వచ్చు. నాకు జబ్బు చేసిన సంగతి బయటపడటానికి రెండు నెలలు ఆలస్యమైందంటే ముఖ్యంగా దానివల్లే. చివరికి బయటపడిందీ అమ్మవల్లే కాబట్టి ఆవిడ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఇది రాస్తున్నానని చెప్పగానే, తన అరబ్బీ మీద ఎకసెక్కాలు ఆడితే ఊరుకోనని ఫోన్లోనే బెదిరించింది. అయినా రాస్తున్నాను.

ఇప్పుడు బాగున్నాను. పొద్దున్నే ఒక మాత్ర, అప్పుడప్పుడూ ఒక రక్తపరీక్ష, అంతకుమించి జబ్బుతో నాకు పనిలేదు. కానీ ఆ ఏడాదంతా ఒంట్లో ఏం జరుగుతోందో తెలియక, ఇంట్లో ముగ్గురం ఒకరి మీద ఒకరం విసుక్కుంటూ గడిపాం. గల్ఫ్‌లో మనవాళ్ల ఇళ్లలో అలాంటి పిల్ల ఇంకొకతి ఉండొచ్చు. వాళ్లమ్మ కూడా ఈపాటికి సబ్జా గింజలు నానబెడుతూ ఉండొచ్చు. వాళ్లకి ఇది ఉపయోగపడుతుందేమోనని ఆశ.

మాది కోనసీమలో రాజోలు దగ్గర. నాన్న సౌదీలో, జుబైల్లో ఒక ప్లాంటులో టెక్నీషియన్. మూడో తరగతి నుంచీ నా చదువంతా అక్కడి ఇండియన్ స్కూల్లోనే. నేను తొమ్మిదిలో ఉండగా బడిలో ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. మా పీఈటీ షైనీ మిస్సు కేరళావిడ. మొదటి రోజే నన్ను కుడివైపు గీత పక్కన నిలబెట్టి, "కెజియా, నీ పని ఒకటే, పరిగెత్తు" అంది. అలా నేను వింగర్‌ని అయ్యాను. అంతకుముందు ఇంట్లో కుదురుగా కూర్చోనందుకు తిట్లు తినేదాన్ని. అదే పనికి బయట చప్పట్లు కొడతారని అప్పుడే తెలిసింది.

పన్నెండో తరగతి అయ్యాక అక్కడి మన పిల్లలు దాదాపు అందరూ కాలేజీకి ఇండియా వెళ్లాల్సిందే. నాన్న జవాబు ఎప్పుడో సిద్ధంగా ఉంది: రాజమండ్రి, ఇంజనీరింగు, మేనత్త ఇల్లు. నా జవాబు బెంగళూరులో ఉంది. అక్కడ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టున్న ఒక కాలేజీ ఏటా కొంతమందికి ఆటమీద సీటిస్తుంది. ఆ జట్టు కోచ్, షైనీ మిస్సు ఒకప్పుడు కలిసి ఆడారట. చివరికి నాన్న ఒక మాటకి ఒప్పుకున్నాడు. ఆ సీటొస్తే బెంగళూరు, రాకపోతే మారు మాట్లాడకుండా మేనత్త ఇల్లు.

సెప్టెంబరు

పన్నెండో తరగతిలో, ఎండాకాలం సెలవులయ్యాక బడి తెరిచిన వారం నుంచీ షైనీ మిస్సు మా ప్రాక్టీసు మ్యాచ్‌లు ఫోన్లో తీసి, నా ముక్కలు కత్తిరించి, బెంగళూరు పంపడం మొదలుపెట్టింది. కోచ్ మేడం నుంచి జవాబు రానే వచ్చింది. అమ్మాయి వేగం బాగుందట. డిసెంబరులో దమ్మాంలో ఉన్న అక్కగారింటికి వస్తుందట, అదే సమయంలో మా బడుల టోర్నమెంటు ఉంది కాబట్టి వచ్చి చూస్తుందట. 'వేగం బాగుంది' అన్న రెండు మాటల్నీ నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెబితే పరువు పోతుంది.

అప్పటికే ఒంట్లో ఏదో మొదలైంది. ఏసీ గదిలో కూడా ఉక్కపోసేది. మంచం వదిలేసి టైల్స్ మీద పడుకునేదాన్ని. ఎంత తిన్నా ఆకలే. అన్నం గిన్నె ఖాళీ చేసి, అమ్మ వాటా పెరుగు కూడా లాగించేసేదాన్ని. అయినా నిక్కరు నడుము మీంచి జారిపోయేది. క్లాసులో ఊరికే కూర్చున్నా అప్పుడే పరిగెత్తి వచ్చినట్టు గుండె కొట్టుకునేది. కెమిస్ట్రీ ల్యాబులో బ్యూరెట్ పట్టుకుంటే వేళ్లు వణికేవి. అందరూ మాత్రం మెచ్చుకున్నారు. ఎంత సన్నబడ్డావు, ఎంత ఫిట్‌గా ఉన్నావు, ఏం తింటున్నావు అని అడిగారు. ఇంట్లో ఉన్నదంతా తింటున్నానని చెబితే నమ్మలేదు.

కోపం కూడా వచ్చేది. చెంచా కింద పడిన చప్పుడుకి కూడా కోపమే. అది కూడా జబ్బులో భాగమేనని, మందులతో తగ్గుతుందని తర్వాత డాక్టరు చెప్పారు. ఎప్పుడు తగ్గుతుందా అని అమ్మ ఇంకా ఎదురుచూస్తోంది.

అమ్మ నన్ను రెండు రోజులు పరకాయించి చూసి తేల్చేసింది. "ఒళ్లు వేడి చేసేసిందే నీకు. ఆ ఎండలో ఆ గెంతులేంటి మరి." మనవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వేడి చెయ్యడం అంటే జ్వరం కాదు. థర్మామీటరుకి అందదు. కళ్లు మండితే వేడి, నోరు పూస్తే వేడి, జుట్టు ఊడితే వేడి. వెంటనే వైద్యం మొదలైంది. సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు, మజ్జిగ. గుడ్డు బంద్, కోడి బంద్, ఆవకాయ బీరువా పైకెక్కింది. నడినెత్తిన ఆముదం పెట్టి మరీ ప్రాక్టీసుకి పంపేది. దానివల్ల ఒక లాభం లేకపోలేదు. ఎదుటి జట్టు డిఫెండర్లు నా దగ్గరికి వచ్చేవాళ్లు కాదు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకూ బాగానే ఉండింది. జబ్బు చేసిన పిల్ల ఆడకూడదు. వేడి చేసిన పిల్ల మజ్జిగ తాగి ఆడుకోవచ్చు. డిసెంబరు దాకా నాకు వేడే చాలు అనుకున్నాను.

అక్టోబరు

జుట్టు దువ్వెనకి గుత్తులు గుత్తులుగా వస్తుంటే అమ్మకి భయం పట్టుకుంది. మా వీధిలో ఉన్న పాలీక్లినిక్‌కి తీసుకెళ్లింది. అక్కడున్నది ఈజిప్టు డాక్టరు, పెద్దమనిషి, ఓపికస్తుడు. ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. నాకూ ఇంగ్లీషు వచ్చు. కానీ మా అమ్మ ఉండగా ఇంకొకరు ఎందుకు మాట్లాడతారు?

అమ్మ అరబ్బీ కథేంటంటే, మా కింది వాటాలో ఉమ్ ఖాలిద్ అనే సౌదీ ఆవిడ ఉండేది. ఖాలిద్ వాళ్లమ్మ అని ఆ పేరుకి అర్థం. ఆవిడా అమ్మా మెట్ల మీద కూర్చుని, గుప్పెడు మాటలతో గంటలు గంటలు కబుర్లాడుకునేవారు. ఆగస్టులో ఒకసారి ఆవిడ బజారు నుంచి వచ్చి, పైన వేసుకున్న నల్ల అబాయా కొంగుతో విసురుకుంటూ "హరారా, హరారా" అందట. వేడికి అరబ్బీలో హరారా అంటారని అమ్మ ఆరోజే మనసులో రాసిపెట్టుకుంది.

క్లినిక్‌లో కూర్చోగానే అమ్మ నా భుజం మీద చెయ్యివేసి, "బింతీ ఫీ హరారా. కతీర్ హరారా" అంది. మా అమ్మాయికి వేడి ఉంది, చాలా వేడి. డాక్టరు థర్మామీటరు పెట్టి చూశాడు.

"మాఫీ హరారా" అన్నాడు. లేదని.

"ఫీ. జువ్వా" అంది అమ్మ, ఉంది, లోపల ఉంది అని.

డాక్టరు ఇంకోసారి పెట్టి చూశాడు. మాఫీ. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఫీ. కాసేపు ఆ గదిలో ఫీ, మాఫీలే నడిచాయి. మాతో వచ్చిన నాన్న గోడకున్న ఇన్సూరెన్సు పోస్టరు చదువుతూ నిలబడ్డాడు. మనిషి ఒంటికి వాడితే హరారా అంటే జ్వరమని మాకు ముగ్గురికీ తెలియదు. జ్వరమే లేని పిల్లని తెచ్చి, చాలా జ్వరం, లోపలి జ్వరం అని పట్టుబట్టే తల్లిని ఏం చెయ్యాలో ఆయనకీ తెలియదు. జ్వరం మాత్రలు రాసిచ్చి, వస్తే వేసుకోమన్నాడు.

మళ్లీ వెళ్లాం, మళ్లీ అదే జరిగింది. మూడోసారి నుంచీ ఆ క్లినిక్‌లో ఫిలిప్పీన్స్ నర్సు మమ్మల్ని చూడగానే థర్మామీటరు బయటికి తీసేది. పాపం ఆవిడ నాకోసం ఒక చాక్లెట్ కూడా సిద్ధంగా ఉంచేది. పిల్లకి జ్వరం లేదు, తల్లికే దిగులు జబ్బు అనుకుని ఉంటుంది.

ఇంట్లో మాత్రం రగడ మొదలైంది. ఆటే ఇదంతా చేసిందని నాన్న. పిల్ల ఆట మాన్పిస్తే ఇంకా చిక్కిపోతుందని అమ్మ. అన్నాల దగ్గర మొదలైతే నాన్న షిఫ్టుకి బయల్దేరేదాకా సాగేది. నేను తలుపు వేసుకుని, నా క్లిప్పులు నేనే చూసుకునేదాన్ని. వాటిలో ఉన్న పిల్ల గాలిలా పోయేది. ఆ పిల్లకి ఏమీ కాలేదని నాకు నేనే చెప్పుకున్నాను.

నవంబరు

ఒక సాయంత్రం ప్రాక్టీసుకి ముందు, బూటు లేసు కట్టుకోవడానికి గొంతుక్కూర్చున్నాను. కట్టుకున్నాక లేవబోతే లేవలేకపోయాను. నొప్పి లేదు, తిమ్మిరి లేదు. తొడల్లో బలం అనేది ఎవరో తీసేసినట్టుంది. తమాషాగా అనిపించి నవ్వాను. చుట్టూ ఉన్న పిల్లలూ నవ్వారు. మళ్లీ ప్రయత్నించాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది. షైనీ మిస్సు వచ్చి నా రెండు చంకల కింద చేతులు వేసి లేపింది. మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టింది. ఎంత వచ్చిందో నాకు చెప్పలేదు. మా ఇంటికి ఫోన్ చేసి, రేపే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంది.

మర్నాడు నాన్నకి షిఫ్టు. ఉమ్ ఖాలిద్ తన కార్లో మమ్మల్ని దమ్మాం తీసుకెళ్లింది. ఆడవాళ్ల వెయిటింగు హాలు. ఇన్సూరెన్సు వాళ్ల అప్రూవల్ వచ్చేదాకా కూర్చోవాలి, ఆ తర్వాత మన టోకెన్ వచ్చేదాకా కూర్చోవాలి. పక్కన ముసుగేసుకున్న ఒక ముసలావిడ తన ఫ్లాస్కులోంచి ఖహ్వా, అంటే వాళ్ల కాఫీ, పోసి, ఖర్జూరంతో పాటు నా చేతిలో పెట్టింది. చిన్న గిన్నెలాంటి కప్పు. నా చేతి వణుకుకి ఖహ్వా తొణికి ఆవిడ ఒళ్లో పడింది. ఆవిడ నా చేతి కింద తన చెయ్యి పెట్టి, తాగేదాకా అలాగే పట్టుకుంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది అక్కడ ఒక్కచోటే.

డాక్టరు హనాన్‌ది సూడాన్. పొడుగ్గా, నెమ్మదిగా ఉండే మనిషి. అమ్మ కూర్చుంటూనే మొదలెట్టింది. బింతీ ఫీ హరారా. డాక్టరమ్మ జ్వరం చూసి, లేదంది. అమ్మ ఉందంది. నాకు పాలీక్లినిక్ మళ్లీ కళ్ల ముందు కనిపించింది. ఇక నేనే ఇంగ్లీషులో చెబుదామని నోరు తెరిచేలోపు అమ్మ లేచి నిలబడింది. నేర్చుకున్న మాటలన్నీ అయిపోయినట్టున్నాయి. ఏసీ వైపు చెయ్యి చూపించి, "బారిద్" అంది, చల్లగా ఉందని. తన శాలువా ఒంటి నిండా చుట్టుకుని గడగడా వణికి చూపించింది. తర్వాత నా వైపు తిరిగి, మోచేతుల పైదాకా మడిచిన నా చొక్కా చేతులు చూపించి, నా పై పెదవి మీది చెమట వేలితో తుడిచి, ఆ వేలు డాక్టరమ్మ ముఖం ముందు పెట్టింది. "హియా హార్." ఈమెకి వేడి. అక్కడితో ఆగలేదు. గుండె మీద అరచేత్తో దబదబా కొట్టుకుంది. అన్నం ముద్దలు కలిపి కలిపి మింగినట్టు చూపించింది. నా నడుము దగ్గర బట్ట పట్టుకుని, ఎంత వదులైందో లాగి చూపించింది.

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. నా రెండు చేతులూ ముందుకి చాపమని, వాటి మీద ఒక కాగితం పెట్టింది. కాగితం వణికింది. లేచి వచ్చి, నా గొంతు మీద వేళ్లు పెట్టి, నీళ్లు మింగమంది. తర్వాత నన్నే ఇంగ్లీషులో అడిగింది, మీ అమ్మ ఎన్నాళ్ల నుంచి ఇలా వేడి అంటోంది అని. రెండు నెలల నుంచి అన్నాను.

"మీ అమ్మ రెండు నెలలుగా సరిగ్గానే చెబుతోంది. ఆ మాట జ్వరం అనుకుని వినడం మా పొరపాటు" అంది.

నేను అది తెలుగులో చెప్పగానే అమ్మ శాలువా సర్దుకుని కూర్చున్న తీరు చూడాలి. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, నా జబ్బు కనిపెట్టిందెవరని ఎవరడిగినా మా ఇంట్లో ఒకటే సమాధానం.

గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అవసరానికి మించి పనిచేస్తోందని రక్తపరీక్షలో తేలింది. మందులున్నాయి, తగ్గుతుంది, భయపడకండి అంది డాక్టరమ్మ. అయితే గుండె నెమ్మదించి తను సరే అనేదాకా పరుగు వద్దంది. ఎన్నాళ్లు అని అడిగితే, నెలలు అంది. డిసెంబరులో ఒక్క మ్యాచ్ అని అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఇరవై నిమిషాలు అన్నాను. నా చెయ్యి తీసి నా గుండె మీదే పెట్టి, అది కుర్చీలో కూర్చున్న మనిషి గుండేనా అని అడిగింది.

ఆ సాయంత్రం నాన్నకి నేనే చెప్పాను. ప్లాంటు మనిషి కదా, వెంటనే అర్థం చేసుకున్నాడు. "అంటే స్పీడుని అదుపులో పెట్టే గవర్నర్ పోయిన ఇంజను. అడ్డూ ఆపూ లేకుండా మహా స్పీడుగా తిరుగుతుంది, వేడెక్కి కాలిపోయేదాకా" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. మహా స్పీడుగా. మేడం మెచ్చుకున్న క్లిప్పులన్నీ జబ్బు మొదలయ్యాకే తీసినవి. అయితే ఆ వేగం నాదా, జబ్బుదా? మందులు వేసుకుంటే జబ్బుతో పాటు అదీ పోతుందా? జబ్బు తగ్గదేమోనని నేను ఒక్క రోజు కూడా భయపడలేదు. తగ్గాక మిగిలే పిల్ల ఎలా ఉంటుందోననే భయపడ్డాను.

డాక్టరమ్మని అడిగాను కూడా. జబ్బు ఎవరికీ ఏమీ ఇవ్వదు, ఉన్నదాన్నే దుబారా చేస్తుందని చెప్పింది. నమ్మాలనిపించింది, నమ్మకం కుదరలేదు.

డిసెంబరు

మేడంకి చెప్పాలా వద్దా అన్నదాని మీద ఇంట్లో మళ్లీ రగడ. చెప్పొద్దన్నాడు నాన్న. కాలు బెణికిందని చెప్పమన్నాడు. జబ్బు పిల్లకి ఎవరు సీటిస్తారు అన్నాడు. ఆట వద్దన్న మనిషి, సీటు పోతుందని కంగారు పడటం నాకు వింతగా అనిపించింది. అమ్మ ఎటూ తేల్చలేదు. షైనీ మిస్సు మాత్రం నా పేరు జట్టులోంచి తీసేసి, బెంచీ మీద చోటిచ్చింది. మేడంతో మాట్లాడటం నీ పని, నేను మధ్యలో రాను అని కూడా చెప్పింది.

టోర్నమెంటు రోజు, దమ్మాంలో ఆడపిల్లల బడి మైదానం. మగవాళ్లకి ప్రవేశం లేదు. నాన్న గేటు బయట కార్లో కూర్చున్నాడు. అమ్మ లోపల మిగతా తల్లులతో కూర్చుని, తన వైద్య విజయం గురించి చెబుతోంది. కోచ్ మేడం వచ్చి నా పక్కనే కూర్చుంది. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి, తలకి టోపీ. నువ్వెందుకు ఆడటం లేదని అడిగింది. బెణికిన కాలు నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో దాన్ని మింగేసి, ఉన్నదున్నట్టు ఒక్క గుక్కలో చెప్పేశాను. క్లిప్పుల్లోని వేగం నాదో జబ్బుదో నాకే తెలియదని కూడా చెప్పాను.

ఆవిడ మైదానం వైపు తిరిగి మ్యాచ్ చూసింది. విరామంలో ఫోన్ తీసి, నా క్లిప్పులు ఒక్కొక్కటే నాకు చూపించింది. "అన్నిట్లోనూ నువ్వు ఈ పసుపు గోడ పక్కనే పరిగెత్తుతున్నావు. సగమయ్యాక వైపులు మారతాయి కదా, గోడ కూడా మారాలి. ఒక్క క్లిప్పులోనూ మారలేదు. రెండో సగంలో నువ్వెక్కడ?"

మా బడి మైదానంలో మేమెప్పుడూ గేటు వైపు నుంచే మొదలుపెడతాం. మొదటి సగంలో నా పక్కన పసుపు గోడ ఉంటుంది, రెండో సగంలో బస్సుల షెడ్డు. ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆ రెండు నెలలూ షెడ్డు వైపు నేను చేసిందేమీ లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడటం, లేకపోతే మిస్సు బయటికి పిలిస్తే వెళ్లి కూర్చోవడం. కత్తిరించి పంపడానికి అక్కడ ఏమీ ఉండేది కాదు. అందరూ అంతే అలిసిపోతారని అనుకునేదాన్ని.

"జబ్బు నీకు ఏమిచ్చిందో నాకు తెలియదు. రెండో సగం మాత్రం లాగేసుకుంది" అంది మేడం. "జూన్‌లో ట్రయల్స్. డాక్టరు ఒప్పుకుంటే రా. సీటని మాటివ్వను."

పోతూ పోతూ మా గోల్‌కీపర్ సఫా ఫోన్ నంబరు తీసుకుంది. అది చూసి నాకు ఒళ్లు మండింది. సఫాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ కోపాన్ని కూడా జబ్బు ఖాతాలోనే వేశాను.

కారెక్కాక, మేడంతో ఏం చెప్పావని నాన్న అడిగాడు. అంతా చెప్పేశానన్నాను. కారు స్టార్ట్ చేశాడు. ఏమందని అడిగాడు. జూన్‌లో రమ్మందని చెప్పాను.

"జూన్‌లో అందరూ సెలవులకి పోతారు. టిక్కెట్లు ఇప్పుడే చూసుకోవాలి" అన్నాడు.

జనవరి నుంచి మే

ఈ నెలల గురించి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు, అందుకే అవంటే నాకిష్టం. ముందు చెమట తగ్గింది. తర్వాత నిద్ర వచ్చింది. గుడ్డు వచ్చింది, కోడి వచ్చింది, బీరువా మీంచి ఆవకాయ దిగింది. ఒక రోజు బ్యూరెట్ పట్టుకుంటే వేళ్లు కదలకుండా నిలబడ్డాయి, ల్యాబులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. దువ్వెనకి వచ్చే జుట్టు తలమీదే ఉండటం మొదలైంది.

ఒళ్లు కూడా వచ్చింది. బుగ్గలొచ్చాయి. పరీక్షలయ్యాక నడవొచ్చంది డాక్టరమ్మ. నాన్న పగటి షిఫ్టు నుంచి రాగానే, యూనిఫాం కూడా మార్చుకోకుండా నన్ను కార్నిష్‌కి తీసుకెళ్లేవాడు. సముద్రం పక్కన నడిచేవాళ్లం. అలవాటు లేని మనిషి, బూట్లలో బొబ్బలెక్కించుకున్నాడు. ఒకసారి, రాజమండ్రిలో కూడా గ్రౌండు ఉందని మీ మేనత్త చెప్పింది అన్నాడు. కొంచెం దూరం పోయాక, ఊరికే చెప్పానులే అన్నాడు.

తర్వాత మెల్లగా పరిగెత్తొచ్చంది డాక్టరమ్మ. మొదటిసారి పరిగెత్తి చూస్తే, అది నేను కాదు. కాళ్లకి ఇసుక మూటలు కట్టుకున్నట్టుంది. ఆ రోజు ఇంటికొచ్చి, ఫోన్లోంచి క్లిప్పులన్నీ తీసేశాను. అమ్మ చూసి, ఎందుకే అంది. అందులో ఉన్నది నేను కాదన్నాను. "నువ్వు కాకపోతే నేనా? కన్నదాన్ని, నాకు తెలీదా" అని గిన్నెలు కడుక్కోవడానికి వెళ్లిపోయింది. ఓదార్పు అంటే అమ్మ దృష్టిలో అంతే, నాకు అది సరిపోయింది. మర్నాడు మళ్లీ బూట్లు కట్టుకున్నాను. గొంతుక్కూర్చుని కట్టుకుని, ఎవరి సాయం లేకుండా లేచాను.

జూన్

అమ్మా నేనూ బెంగళూరు వెళ్లాం. నాన్నకి సెలవు దొరకలేదు. కాలేజీ మైదానం మీద సన్నటి వాన పడి ఆగింది. అంత చల్లటి గాలిలో ఆడటం నాకు అదే మొదలు. అమ్మ శాలువా చుట్టుకుని గట్టు మీద కూర్చుంది. అక్కడ అరబ్బీ అక్కర్లేదు కాబట్టి కాస్త దిగాలుగా ఉంది. సఫా కూడా ట్రయల్స్‌కి వచ్చింది, నా జట్టుకే గోల్‌కీపర్. అప్పటికి మేం మాట్లాడుకుంటున్నాం.

మొదట పరుగు పందేలు పెట్టారు. నేను ముందు లేను. అందరికన్నా వెనకా లేను. మణిపూర్ నుంచి వచ్చిన ఒక పిల్ల నన్ను దాటి పోయిన తీరు చూసి, నా భయమే నిజమైందనుకున్నాను. తర్వాత పూర్తి మ్యాచ్. మొదటి పది నిమిషాల్లో వచ్చిన ప్రతి బంతీ ఆ పిల్లే ఎగరేసుకుపోయింది. ఇంతకుముందైతే కోపమొచ్చేది. ఇప్పుడు ఏం చెయ్యాలో ఆలోచించడానికి తలలో చోటుంది. బంతి నా దాకా వచ్చాక పరిగెత్తడం మానేసి, రాకముందే కదలడం మొదలుపెట్టాను. ఒకటి దొరికింది. ఇంకోటి దొరికింది.

విరామం తర్వాత వైపులు మారాం. నా కళ్లు గడియారం కోసం వెతికాయి, కాళ్లు ఎప్పుడు మొండికేస్తాయా అని. మొండికెయ్యలేదు. గుండె గట్టిగా కొట్టుకుంటోంది, ఆగినప్పుడల్లా నెమ్మదిస్తోంది. ఎదుటి మణిపూర్ పిల్ల మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడింది. ఆ నిలబడటం నాకు బాగా తెలుసు. బంతి తీసుకుని ఆమె పక్క నుంచి వెళ్లాను. అంత వేగంగా ఏమీ కాదు, కానీ వెళ్లాను. మళ్లీ వెళ్లాను. మూడోసారి వెళ్లి గోల్ ముందుకి కొట్టిన బంతిని ఎవరో లోపలికి తోశారు. ఎవరో చూసేలోపే వెనక్కి నా చోటికి పరిగెత్తాను, ఇంకా ఆట ఉందని.

విజిల్ వినిపించేసరికి నేను మైదానంలోనే ఉన్నాను.

మేడం గట్టు దిగి అందరి మధ్య నుంచీ నడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. మెచ్చుకోలేదు, భుజం తట్టలేదు. "హాస్టల్లో కింది అంతస్తు తీసుకోకు. దోమలు" అని చెప్పి ముందుకి పోయింది. అర్థం కావడానికి నాకు ఒక నిమిషం పట్టింది. అమ్మకి అసలు అర్థం కాలేదు. దోమల సంగతి ఇప్పుడెందుకని అడిగింది.

తడి గడ్డి మీద అందరూ ఎక్కడివాళ్లక్కడ పడిపోయారు. నేనూ పడిపోయాను. తొడలు లాగేస్తున్నాయి, ఊపిరి అందడం లేదు, పక్కన పడున్న పిల్లలకీ అంతే. ఫోన్ మోగింది. నాన్న. ప్లాంటులో ఏదో మెషిన్ చప్పుడు వెనక నుంచి వినిపిస్తోంది. ఆటెలా జరిగింది, సీటు సంగతేంటి, అవేమీ అడగలేదు.

"బాగా అలిసిపోయావా అమ్మలూ?" అన్నాడు భయం భయంగా.

"బాగా అలిసిపోయాను నాన్నా, అందరిలాగే" అని చెప్పి, గడ్డి మీద పడుకునే పగలబడి నవ్వాను.